దండ వేసిన ఫోటో

మురమళ్ళ,
16-8-1999

ఏవండీ,

నమస్కారాలు. ఇక్కడ గేదె తప్ప అందరం బాగున్నాం. ఈనిన దగ్గర్నుంచి అది మేత సరిగ్గా ముట్టడం లేదు.

ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేయమని రాశారు. నా వల్ల కాదండి. బూత్ ఏలీయా గారు మంచివారే గానీ, ఎవరు మాట్లాడుతున్నా రేడియో వింటున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా మీ ఎదురుగా నిలబడి రెండు మాటలు కూడబలుక్కోలేని దాన్ని, ఆయన ఎదురుగా ఏం మాట్లాడతాను? చదివింది ఏడో తరగతే అయినా నాకు రాయడమే సుళువు. కాగితం నా మొహం వంక చూడదు.

కొత్త షాపు ఎలా ఉంది? అమలాపురం కొట్లో యజమాని కొనేవాళ్ళ ముందే మిమ్మల్ని కసిరేవాడని, ఆ భయానికి మీకు నోరు పెగలక బేరాలు పోయేవని అత్తయ్యగారు చెప్పారు. "మావాడు పని రానోడు కాదమ్మాయ్. ఎవరైనా అరిస్తే ముడుచుకుపోతాడు, అంతే" అన్నారు. కాకినాడ ఆయన కూడా అరుస్తారా? అరిస్తే వచ్చేయండి. ఇక్కడ అరిచేవాళ్ళు ఎవరూ లేరు, నాకసలు గొంతే లేదు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది చివర అడుగుతున్నాను. అక్కడ మన కాపురం ఎప్పుడు? ఆషాఢం పుట్టింట్లో గడిచింది. శ్రావణం అత్తింట్లో గడుస్తోంది. మీ దగ్గర గడిచే మాసం ఏది?

మీ
సత్యదుర్గ

కాకినాడ,
27-8-1999

సత్యా,

నీ ఉత్తరం భోజనాల వేళ వచ్చింది. పెరుగన్నం తింటూ చదివాను, అందుకే అంచున మరక. కోప్పడకు.

యజమాని సుబ్బరాజు గారు అరవరు. ఇక్కడ అన్నిటికన్నా వింత అదే. నాలుగింటికి అందరికీ టీ వస్తుంది. పరుపు మీద కూర్చునే చీరలు చూపిస్తాం, నెత్తిన ఫ్యాను తిరుగుతుంది. బేరం పోతే "పోనీలేవయ్యా, ఆవిడ మళ్ళీ వస్తది" అంటారు. నువ్వు నమ్మవు గానీ, ఆ ఒక్క మాటకి నాకు నోరొచ్చింది. అమలాపురంలో రోజంతా నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఇక్కడ సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది.

ఈయన కొత్త పద్ధతి పెట్టారు. పట్టు చీరల దగ్గర జంటలుగా పనిచేయాలి. మగాడు చీర విప్పి దాని సంగతి చెబుతాడు, అమ్మాయి అద్దం ముందు నిలబడి పైన వేసుకుని చూపిస్తుంది. నా జంట పుష్పలత అని, యానాం అమ్మాయి. చాలా చురుకు. నేను చీర మీది బుట్టా పువ్వుల గురించి చెబుతుండగానే పుష్పలత పవిట అటు తిప్పేస్తుంది. నిన్న పిఠాపురం నుంచి వచ్చిన ముసలావిడ, "బాబూ, ఆ చీర కొంటే ఆ పిల్లని కూడా ఇస్తారేటి, మా మనవడికి?" అంది. పుష్పలత తడుముకోకుండా, "ఆయ్, ఇస్తారండి, కానీ ఉతికితే రంగు పోతానండి" అంది. షాపంతా ఒకటే నవ్వు. పుష్పలత పక్కనుంటే అమ్మకం దానంతటదే అయిపోతుంది.

నెలకోసారి బాగా అమ్మిన జంటకి ఫోటో తీయించి గల్లాపెట్టె పైన పెడతారట. అందులో నిలబడిన వాళ్ళనే పట్టు కౌంటర్‌కి పెద్దగా వేస్తారు. పెద్ద అయితే జీతం పెరుగుతుంది, ఇల్లు చూసుకోవచ్చు, లేకపోతే మగాళ్ళందరం షాపు పైన హాల్లో పడుకోవడమే. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు ఆ ఫోటోలో ఉంది.

గేదెకి జీలకర్ర, బెల్లం దంచి పెట్టమను.

నీ
హరిబాబు

మురమళ్ళ,
4-9-1999

ఏవండీ,

గేదె తింటోంది. నేనే సరిగ్గా తినడం లేదని అత్తయ్యగారు అంటున్నారు. ఆవిడకేం తెలుసు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా పేరు పైన ఒక్క చోట ఉంది. ఆ యానాం ఆవిడ పేరు చింతపండు పులుసులో మెంతుల్లా ఎక్కడ పడితే అక్కడ తగిలింది. ఆవిడకి పెళ్ళయిందా? రంగు ఎలా ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను. ఆ చీరలు కొని కట్టుకునే వాళ్ళకి, ముందు వాటిని ఇంకొకరు కట్టుకున్నారని తెలుసా? తెలిస్తే కొంటారా? నేనైతే కొనను.

పవిట ఆవిడ భుజం మీద ఎవరు వేస్తారు?

మీరు ఇంత మాటకారి అని నాకు ఇప్పుడే తెలిసింది. ఇక్కడున్న రోజుల్లో "మంచినీళ్ళు" అన్నారు, "లైటు తీయనా" అన్నారు. నవ్వించిన గుర్తు లేదు.

అత్తయ్యగారు ఆశీస్సులు రాయమన్నారు.

సత్యదుర్గ

కాకినాడ,
13-9-1999

సత్యా,

నువ్వడిగినవి ఒక్కటీ వదలకుండా రాస్తున్నాను. పెళ్ళయిందో లేదో అడగలేదు, అడిగి చెబుతాను. రంగు నీకన్నా ఒక చాయ తక్కువేమో, అద్దాల లైట్లలో అందరూ ఒకేలా ఉంటారు. పవిట తనే వేసుకుంటుంది, అంచు బరువైతే నేను అందిస్తాను. చీర కట్టరు, ఉన్న చీర మీదే కుచ్చిళ్ళు దోపి చూపిస్తారు. కాబట్టి కొన్నవాళ్ళకి నష్టం లేదు.

మంచి కబురు. ఈ నెల ఫోటో మాదే! పెద్దగా ఎవరిని వేసేదీ దసరా తర్వాత చెబుతారట. ఫోటోగ్రాఫర్‌ని షాపుకే పిలిపించారు. నేను కళ్ళు మూసేశానని రెండోసారి తీశారు.

మన ఊరి కొబ్బరికాయల లారీలో నీకొక చీర పంపుతున్నాను. చిలకాకుపచ్చ, కనకాంబరం అంచు. ఏది కొనాలో తేలక తికమక పడుతుంటే, నీ పోలికలన్నీ అడిగి పుష్పలతే ఎంచింది. తను వేసుకుని చూపించింది కూడా. నీకు ఇంకా బాగా నప్పుతుందని తనే అంది.

నీ
హరిబాబు

మురమళ్ళ,
22-9-1999

చీర అందింది. అత్తయ్యగారు కట్టుకున్నారు. ఆవిడకి బాగా నప్పింది.

సత్యదుర్గ

మురమళ్ళ,
23-10-1999

అయ్యా,

దసరాకి మీరు రాలేదు. పండగలప్పుడే మీకు పని అని సర్దుకున్నాను. ఎందుకు రాలేదో మొన్న తెలిసింది.

పక్కింటి జయమ్మ పిన్నిగారు కూతురి పెళ్ళిబట్టలకి కాకినాడ మీ షాపుకే వెళ్ళారు. ఆ సమయానికి మీరు భోజనానికి పోయారట. మీరు లేకపోయినా మీ ఫోటో ఉంది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టారు.

"వదినా, నువ్వు గుండె చిక్కబట్టుకోవాలి. మీవాడి ఫోటోకి దండేసి గోడకి పెట్టేరు."

అత్తయ్యగారు చేతిలో చేట వదిలేశారు. "దండా? నా కొడుక్కేమైందే!" అని గుండెలు బాదుకోబోయారు.

"ఊరుకో వదినా. పోయినోళ్ళకైతే ఒక్కళ్ళకే వేస్తారు. ఇది అది కాదు. పక్కన పట్టుచీర కట్టిన పిల్ల. ఇద్దరికీ కలిపి ఒకటే బంతిపూల దండ. వాడినా తియ్యలేదు, అంత మురిపెం."

"ఛ, షాపులో ఏదో..." అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్, నేనూ అలాగే అనుకుందునండి, ఏ ఊరిదాన్నో అయితే! రోజూ వీరేశ్వరుడి కల్యాణం చూసే ఊరు మనది. దండలు దేనికేస్తారో మనకి తెలీదేటి?" అని నా వంక చూసి, "ఏడవకమ్మాయ్" అన్నారు. నేను ఏడవడం లేదు. పిడకలు కొడుతున్నాను, కళ్ళలో దుమ్ము పడింది.

నేను చెప్పదలచింది ఒక్కటే. మీరు ఆ పరుపు మీద, ఆ అమ్మాయి పక్కన ఉండొద్దు. ఇంకో కౌంటర్ అడగండి. అది చేయలేకపోతే నన్ను కొత్తపేట మా నాన్నగారి దగ్గర దింపేయండి. ఇది బెదిరింపు కాదు. నాకు బెదిరించడం రాదని మీకు తెలుసు.

సత్యదుర్గ

కాకినాడ,
30-10-1999

సత్యా,

జయమ్మ గారి కళ్ళు దండ దగ్గరే ఆగిపోయాయి. గల్లాపెట్టెకీ, మీటరు బద్దకీ, కత్తెరలకీ, మేడ మీద కుట్టుమిషన్‌కీ కూడా దండలున్నాయి. ఆయుధపూజ నాడు సుబ్బరాజు గారే స్వయంగా వేశారు. "నాకు అన్నం పెట్టేవాటన్నిటికీ దండ పడాల్సిందే. ఈళ్ళిద్దరూ నా ఆయుధాలు" అని మా ఫోటోకీ వేశారు. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో నీకు రాద్దామనుకున్నాను. మంచిదే అయింది రాయకపోవడం.

నీకిష్టం లేని చోట నేనుండను. ఇవాళ అడిగాను. కారణం చెప్పలేదు, చెబితే నవ్వుతారు. సుబ్బరాజు గారు "నీ ఇష్టం" అన్నారు. రేపటి నుంచి లుంగీలు, తువ్వాళ్ళ కౌంటర్.

అమ్మకి చెప్పు, నేను బతికే ఉన్నానని.

హరిబాబు

మురమళ్ళ,
5-11-1999

ఏవండీ,

మీ ఉత్తరం చదివిన రోజు పాయసం చేశాను. ఇవాళేం పండగని అత్తయ్యగారు అడిగారు. బియ్యం నూకలైపోతున్నాయండి, అందుకని, అన్నాను.

మీటరు బద్దకి కూడా దండ వేశారని జయమ్మ పిన్నిగారికి వినిపించాను. "బద్ద పక్కన పిల్ల లేదు కదా" అన్నారు. ఆవిడ అంతే.

లుంగీలు బాగుంటాయి కదండీ. మగవాళ్ళే కొంటారు. ఎవరూ భుజాన వేసుకుని చూపించక్కర్లేదు. దీపావళికి ఒక్క పూటైనా వస్తారా? వస్తే ఆ చిలకాకుపచ్చ చీర అత్తయ్యగారి దగ్గర అడిగి తీసుకుంటాను.

ఇప్పుడు ఆవిడ పక్కన ఎవరున్నారు? ఊరికే.

మీ
సత్య

కాకినాడ,
15-11-1999

సత్యా,

దీపావళికి రాలేకపోయాను. షాపు నుంచి పంపలేదు.

ఇప్పుడు నా చోట కనకరాజు కూర్చుంటున్నాడు. వాడికి మావిడిపిందె రంగుకీ నిమ్మపండు రంగుకీ తేడా తెలీదు. అయినా పుష్పలత పక్కనుంటే అమ్ముడవుతూనే ఉంది. ఈ నెల ఫోటో వాళ్ళిద్దరిది. రోజూ మెట్ల దగ్గరి నా లుంగీల కౌంటర్ నుంచి చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

ఇక్కడ కూర్చోవడానికి లేదు. లుంగీల దగ్గర పెద్ద ఒకాయన ఉన్నాడు. "నిలబడితేనే గిరాకీకి గౌరవం" అంటాడు. టీ కుర్రాడు మెట్ల దాకా వచ్చేసరికి కేను ఖాళీ. వచ్చినవాడు గళ్ళ లుంగీ అంటాడు, తీసిస్తాను, పోతాడు. మాటతో పనేముంది?

ఇంటి సంగతి ఆయన ఎత్తడం లేదు. అమలాపురం కొట్టుకే తిరిగి వచ్చేద్దామా అనిపిస్తోంది.

హరిబాబు

మురమళ్ళ,
19-11-1999

ఆవిడ పక్కన ఇంకొకరు కూర్చుంటే మీ కడుపు ఎందుకు రగలాలి?

నా కడుపు రగిలినప్పుడు మీటరు బద్ద కథ చెప్పారు. మీకు ఏ బద్ద కథ చెప్పాలో నాకు తెలియడం లేదు. మెట్ల దగ్గర నిలబడి రోజూ చూస్తున్నారన్న మాట! నిలబెట్టినందుకు వాళ్ళని తిడుతున్నారు, చూడమని ఎవరు చెప్పారు?

నాకిక ఉత్తరం రాయకండి.

సత్యదుర్గ

మురమళ్ళ,
26-11-1999

ఏవండీ,

రాయొద్దన్నది మిమ్మల్ని. నేను రాయనని అనలేదు.

మొన్న బుధవారం నేను మీ షాపుకి వచ్చాను. మీరు నన్ను చూడలేదు. జాకెట్టు గుడ్డలు తక్కువయ్యాయని జయమ్మ పిన్నిగారు బయలుదేరుతుంటే, నేనూ వస్తానన్నాను. అత్తయ్యగారు నోరు తెరిచారు. ఎదుర్లంక రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతూ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గోదారి చూసి కాదు. ఆ పుష్పలత ఎంత అందంగా ఉంటుందో చూడబోతున్నానని.

షాపులోకి రాగానే ముందు మిమ్మల్నే చూశాను. మెట్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన లుంగీ అడిగాడు. మీరు అతని మొహం కూడా చూడలేదు, తీసిచ్చారు. ఈ మనిషికి మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు బొంగురుపోయేదంటే ఎవరు నమ్ముతారు? చేలో దిష్టిబొమ్మ నయం, గాలికైనా కదులుతుంది. నాకు ముందు కోపం వచ్చింది, ఆవిడ లేకపోతే ఇలా అయిపోతారా అని. తర్వాత ఇంకేదో వచ్చింది, దాని పేరు తెలియదు. ఇంతలో లుంగీల పెద్దాయన మిమ్మల్ని గోడౌన్‌లోకి పంపేశారు.

నన్ను పరుపు దగ్గర కూర్చోబెట్టారు. పుష్పలత నేననుకున్నంత అందగత్తె కాదు. పైపన్ను కొంచెం ఎత్తు. నేను ఊహించుకున్న పుష్పలత ఈవిడకన్నా చాలా బాగుంటుంది. ఈవిడ చీర వేసుకుని అద్దంలో చూస్తూ ఆగింది. కనకరాజు ఏదో చెబుతాడని ఆగింది. అతను "పట్టేనండి" అన్నాడు. అంతే! పాపం ఆవిడే "మంచి పట్టండి" అని సర్దింది.

తర్వాత నన్ను లేపి, వద్దంటున్నా నా భుజం మీద చీర వేసి, "ఇలాంటప్పుడు హరిబాబు గారుండాలండి" అంది. "ఏ చీర విప్పినా 'ఇది మా ఆవిడకైతేనండి' అని మొదలెట్టేవోరు. మా ఆవిడ మెడ వెనక పుట్టుమచ్చ ఉందండి, ఈ ఎరుపు పక్కన అది కాటుక చుక్కలా ఉంటుందండి, అనేవోరు. కొనడానికొచ్చినోళ్ళు ఆవిణ్ణి చూసినట్టే అనుకుని కొనేసేవోరు. నేను ఒట్టి హేంగర్‌నండి. అమ్మింది ఆవిణ్ణి తల్చుకునే."

జయమ్మ పిన్నిగారు ఊరుకుంటారా? "ఆ మచ్చ ఇదేనే పిల్లా!" అని నా జడ పక్కకి లాగి చూపించేశారు.

నేను సంతోషించానని మీరనుకుంటారు. లేదు. నాకు ఇంకా మండింది. ఆ మాటలు నావి. అవి నాకు చెప్పాలి. నా పుట్టుమచ్చ సంగతి కాకినాడలో పెళ్ళిబట్టలు కొన్న ప్రతి ఇంటికీ తెలుసు. పుష్పలత రోజూ విన్నది. నేను యానాం అమ్మాయి నోటంట వినాల్సి వచ్చింది. నాకు "మంచినీళ్ళు", ఊరందరికీ "కాటుక చుక్క"!

మిమ్మల్ని పిలవనా అని పుష్పలత అడిగింది. వద్దన్నాను. కానీ ఆ మంటలోనే సుబ్బరాజు గారి దగ్గరికి వెళ్ళాను. జయమ్మ పిన్నిగారు చెబుతానన్నారు. నేనే చెప్పాను. "ఆయన్ని అక్కణ్ణించి తీయించింది నేనండి. మళ్ళీ చీరల దగ్గర కూర్చోబెట్టండి" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

ఆయన నవ్వలేదు. "కనకరాజుని లేపలేనమ్మా. ఆడి తప్పేం లేదు కదా. రెండో పరుపు ఏత్తాను. జంటగా ఇవ్వడానికి అమ్మాయి లేదు. ఒక్కడే అమ్ముకోవాలి. అమ్మితే ఉంటాడు" అన్నారు.

ఇక మీ ఇష్టం. అమలాపురం మాత్రం రాకండి. అరిచేవాళ్ళ దగ్గర నాలుగు మాటలైనా మిగలవు మీకు. అప్పుడు నాకేం వస్తుంది?

సత్య

కాకినాడ,
5-12-1999

సత్యా,

నువ్వు వచ్చి వెళ్ళావని పుష్పలత చెప్పేసరికి యానాంలో పంటు రేవు దాకా పరిగెత్తుదామనుకున్నాను. యానాం ఇక్కడికి ఎంత దూరమో అప్పుడు గుర్తు రాలేదు.

కనకరాజుని చూసి కడుపు రగిలింది నిజం. ఆ అమ్మాయి పక్కన ఉన్నాడని కాదు. నేను మాట్లాడే చోట వాడు ఊరికే కూర్చుంటున్నాడని. నాకు మొదటిసారి నోరొచ్చిన చోటు అది. నీకు ఎలా చెప్పాలో తెలియక అలా రాశాను.

రెండో పరుపు వేశారు. అమ్మాయి లేదు కాబట్టి చీర నా భుజం మీదే వేసుకున్నాను. మీసాలు, పైన కంచి అంచు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్విన వాళ్ళలో చాలామంది కొన్నారు. సుబ్బరాజు గారు నాలుగింటి టీ తనే తెచ్చి ఇచ్చారు. లుంగీల పెద్దాయన మెట్ల మీంచి గుర్రుగా చూశాడు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆయన పిలిచి, "ఈ పరుపు పెద్దరికం నీదే. షాపు వెనక సందులో గది ఉంది, కాపురం పెట్టుకో. అమ్మాయిని మాత్రం ఒకరిని పెట్టాలి, మీసాలతో ఎన్నాళ్ళు నెగ్గుకొస్తావు?" అన్నారు. జగన్నాథపురం నుంచి ఇద్దరమ్మాయిలు అడిగి వెళ్ళారట. లేదా, ఆ రోజు వచ్చిన మీ ఆవిడ ఉందిగా అన్నారు. నీకు పదిమంది ముందు నిలబడాలంటే ఎంత బిడియమో నాకు తెలుసు కాబట్టి, అది కుదరదని చెబుదామనుకున్నాను. ఎందుకో చెప్పలేదు. నీ జవాబు కోసం ఆగాను.

నీ మెడ వెనక మచ్చ గురించి నీకు చెప్పాలంటే నువ్వు ఇటు తిరిగి ఉండవు కదా. ఎప్పుడూ తల దించుకుని అటే ఉంటావు. నాకు కనిపించింది అదొక్కటే.

నీ
హరిబాబు

మురమళ్ళ,
9-12-1999

ఏవండీ,

ధనుర్మాసం పెడితే మళ్ళీ నెల దాకా అత్తయ్యగారు నన్ను గడప దాటనివ్వరు. ఈ ఆదివారం మంచిదట. పంటు దిగి తొమ్మిదింటి బస్సెక్కుతాను. సామాను పెద్దగా లేదు. అత్తయ్యగారు చిలకాకుపచ్చ చీర తిరిగి ఇవ్వనన్నారు, ఇచ్చింది ఇచ్చిందేనట.

పదిమంది ముందు నిలబడటం నా వల్ల కాదు. నిన్న తలుపు గడియ వేసి, అత్తయ్యగారి పాత పట్టుచీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో ఉన్నది నేనే అయినా తల దించేశాను.

కానీ జగన్నాథపురం అమ్మాయిలు ఇద్దరు అడిగారని రాశారు చూశారా, అది చదివాక మళ్ళీ తల ఎత్తాను.

వాళ్ళని రావొద్దని సుబ్బరాజు గారితో చెప్పండి. నేను నిలబడతాను. మాట్లాడను, నవ్వించను, పుష్పలతలా పవిట తిప్పడం నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆవిడే నేర్పాలి కాబట్టి నేర్పించుకుంటాను. ఆవిడ మీద నాకు ఇంకా మంటగానే ఉంది, అది ఇప్పట్లో పోయేలా లేదు. మీరు పోగొట్టాలని చూడకండి.

ఒక్క షరతు. "ఇది మా ఆవిడకైతేనండి" అనే మాట వచ్చినప్పుడు, మీరు కొనేవాళ్ళ వంక చూడకూడదు. నా వంక చూసి చెప్పాలి. బేరం పోయినా సరే.

మీ
సత్య